గడ్డ మీద చెప్పిన పేరు
(సీరియల్: పదకొండవ వారం)

పోయిన వారం చంద్రవ్వను వాడి జంక్షన్‌లో, రాయచూరు రైలు కోసం బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాం. ఆమె ఎందుకు బయల్దేరిందో మరిచిపోయిన వారి కోసం, ఈ వారమే పత్రిక చేతికందిన వారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

చంద్రవ్వది తాండూరు. పప్పు మిల్లులో కందులు చెరగడానికి పోతుంది. పెళ్లయిన రెండో ఏడు, అంటే నలభై ఎనిమిదిలో, ఆమె భర్త నిజాం ఫౌజులో సిపాయిగా చేరి తుంగభద్ర సరిహద్దుకు పోయాడు. ఆ సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. ఆయన మాత్రం రాలేదు. చనిపోయాడని కాగితం రాలేదు, బతికున్నాడని కబురూ రాలేదు. పదమూడేళ్లుగా చంద్రవ్వ బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు.

మొన్న ఉగాదికి శివయ్య ఆమెను మారుమనువు అడిగాడు. శివయ్య నాపబండలు పరిచే మేస్త్రీ, భార్య పోయిన మనిషి. చంద్రవ్వ అవుననలేదు, కాదనలేదు. దసరా ముందర అదే శివయ్య పని మీద తుంగభద్ర నడుమ ఉన్న ఒక దీవికి పోయాడు. నలభై ఎనిమిదిలో నిజాం ఫౌజు చౌకీ ఉన్న చోటది. ఇప్పుడక్కడ ఎవరో పంతులు ఆనాటి యుద్ధం సామాన్లన్నీ పోగుచేసి మ్యూజియం పెట్టాడు. దాని నేలకు తాండూరు బండలు పరుస్తుంటే శివయ్యకు అద్దాల బీరువాలో ఒక కంచు గిన్నె కనబడింది. కూడబలుక్కుని చదివితే అంచు మీద చంద్రవ్వ పేరు. గిన్నె ముందున్న చీటీ చదివేంత చదువు అతనికి లేదు. ఆ మాట కడుపులో దాచుకుంటే, వచ్చే మాఘానికి ఆమె అతని ఇంటికి వచ్చేదేమో. శివయ్య దాచుకోలేదు. వచ్చి గడప బయటే నిలబడి, చూసింది చూసినట్టు చెప్పి పోయాడు.

ఇక కథలోకి.

పొద్దు బారెడెక్కేసరికి చంద్రవ్వ, రుక్కమ్మ ఏటి ఒడ్డుకు చేరారు. తుంగభద్ర వంతెన దాటాక వచ్చే చిన్న స్టేషన్లో దిగి, మూడు కోసులు ఎద్దుబండి మీద వచ్చి, చివరికి ఇసుకలో నడిచారు. రుక్కమ్మ చంద్రవ్వ ఆడబిడ్డ. వికారాబాదు మిషను బడిలో చిన్న తరగతులకు చదువు చెబుతుంది. చంద్రవ్వకు అక్షరం రాదు కాబట్టి, తోడు వస్తానని తనే బడికి సెలవు పెట్టి తాండూరుకు వచ్చింది. అన్న ఫౌజుకు పోయిన ఏడు ఆమెకు పదమూడేళ్లు.

మార్గశిర మాసం. ఏరు సన్నబడింది గాని నడుమ పాయ ఇంకా లోతుగానే ఉంది. నీళ్ల మీంచి తెల్లటి పొగమంచు లేస్తోంది. చంద్రవ్వ ఇసుకలో నిలబడిపోయింది.

భర్త దగ్గర్నుంచి వచ్చింది ఒకే ఒక ఉత్తరం. మరిది జంగప్ప చదివి వినిపించాడు. 'ఏరు మన కాగ్నాకు నాలుగింతలుంటది. పొద్దుగాల నీళ్ల మీద పొగ లేస్తది. నువ్వు చూస్తే పొయ్యి ముట్టించిన్రు అనుకుంటవ్.' అంతకు మించి తనను గురించి అందులో ఏమీ లేదు. ఆ రెండు మాటలనే పదమూడేళ్లు మనసులో తిప్పుకుంది చంద్రవ్వ. కందులు చెరుగుతూ తిప్పుకుంది, కాగ్నాలో బట్టలు ఉతుకుతూ తిప్పుకుంది. ఇప్పుడు ఆ పొగ ఎదురుగా ఉంది. ఆయన కళ్లు చూసిన నీళ్లు ఇవే. చూసిన ఆ కళ్లే ఎక్కడున్నాయో తెలియదు.

"పోదామా వదినె?" అంది రుక్కమ్మ.

"జర నిలబడు రుక్కా. పోదాం."

ఒడ్డున పుట్టి ఉంది. వెదురు బద్దలు అల్లి తోలు తొడిగిన గుండ్రటి పడవ. తెడ్డు పట్టుకుని నడి వయసు ఆడమనిషి కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు. చేతులు మగవాడి చేతుల్లా కాయలు కాచి ఉన్నాయి.

"గడ్డకేనా అమ్మా?" అంది. ఏటి నడుమ దీవిని ఆ దిక్కు వాళ్లు గడ్డ అంటారు.

"గడ్డకే," అంది రుక్కమ్మ. "మ్యూజియం చూడనీకి వచ్చినం."

"కూసోండి. నడుమ కూసోండి, అంచుకు పోవద్దండి. నా పేరు బీరమ్మ. మ్యూజియం పెట్టిన పంతులు మా బావే."

పుట్టి నీళ్లలోకి జారింది. రెండు చుట్లు తిరిగి దారిన పడింది. చంద్రవ్వ రెండు చేతులా అంచు పట్టుకుంది.

"యా ఊరు మీది?" అని అడిగింది బీరమ్మ.

"తాండూరు."

తెడ్డు నీళ్లలోనే ఆగింది. పుట్టి ప్రవాహానికి పక్కకు కొట్టుకుపోయింది. బీరమ్మ మళ్లీ తెడ్డు వేసి దాన్ని సరిచేసింది గాని, ఆ తరువాత అవతల చేరేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. నీళ్లకు భయపడుతున్న చంద్రవ్వ దాన్ని గమనించలేదు.

గడ్డ పెద్దదేమీ కాదు. ఒక కొసన నిలబడి కేకేస్తే రెండో కొసన వినబడుతుంది. తుమ్మచెట్లు, పుచ్చతోటలు, నడుమ ఎత్తు మీద రాతి కట్టడం. నిజాం కాలంలో అది కరోడ్‌గిరి నాకా. ఏరు దాటే సరుకు మీద సుంకం వసూలు చేసే చోటు. అప్పుడు అవతలి ఒడ్డు నిజాముది, ఇవతలి ఒడ్డు ఇంగ్లీషు వాళ్లది. నలభై ఎనిమిదిలో సుంకం వాళ్లు పోయి సిపాయిలు వచ్చారు. గోడల నిండా ఇంకా తూటాల గుంటలున్నాయి. ఒక్కొక్క గుంట చుట్టూ సున్నంతో గుండ్రంగా గీతలు గీసి ఉన్నాయి, చూడవచ్చిన వాళ్లకు తెలియడానికి.

గుమ్మంలో ఈరయ్య పంతులు ఎదురొచ్చాడు. అరవై దాటిన మనిషి. ఖద్దరు చొక్కా, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఒడ్డున ఉన్న ఊళ్లో ముప్ఫై ఏళ్లు బడి పంతులుగా చేసి, ఆ తరువాత అయిదేళ్లుగా దీన్నే బడి చేసుకున్నాడు. దూరం నుంచి ఆడవాళ్లిద్దరు వచ్చినందుకు సంతోషించాడు. చెప్పులు బయట విడవమన్నాడు. చేతిలో సన్నటి బెత్తం పట్టుకున్నాడు, చూపించడానికి.

"ఇది యుద్ధం జరిగిన చోటు, తల్లీ. సైన్యాలు వచ్చాక జరిగింది ఒక్క పూటే. అంతకు ముందు నాలుగు నెలలు మా ఊరికీ ఈ చౌకీకీ మధ్య జరిగిందే అసలు యుద్ధం. రండి."

నేల మీద బూడిద రంగు బండలు నున్నగా, చల్లగా ఉన్నాయి. శివయ్య పరిచినవి. సందులు ఎక్కడా వెంట్రుకంత ఎడం లేకుండా కలిశాయి. చంద్రవ్వ వాటి మీద మెల్లగా అడుగులు వేసింది.

గదిలో ఇసుక బస్తాలు అప్పుడు పేర్చినట్టే పేర్చి ఉన్నాయి. గోడకు రెండు తుపాకులు. సొట్టపడిన ఇనుప టోపీలు. ఒక బల్ల మీద ఖాళీ తూటాలు రాశి పోసి ఉన్నాయి. తెగిన టెలిఫోను తీగ చుట్ట, సిపాయిలు పొద్దుపోకకు గీసిన పులిజూదం పలక. ఈరయ్య ఒక్కొక్కటీ చూపిస్తూ, ఎన్నోసార్లు చెప్పి అలవాటైన గొంతుతో చెప్పుకుపోతున్నాడు. ఎదుటి గోడ మీద పెద్దక్షరాలతో తొమ్మిది పేర్లున్నాయి. చౌకీ కాల్పుల్లో చనిపోయిన ఇవతలి ఒడ్డు వాళ్లు. మొదటి పేరు కింద ఫొటో, ఫొటోకు బంతిపూల దండ.

"మా తమ్ముడు కిష్టయ్య," అన్నాడు ఈరయ్య. "పుట్టి నడిపేవాడు. ఆ పక్క ఊళ్ల నుంచి భయపడి పారిపోయి వచ్చే వాళ్లను ఇటు చేర్చేవాడు. శ్రావణంలో, ఏరు నిండుగా ఉన్నప్పుడు, నడి ఏట్లో కాల్చారు. బీరమ్మ అతని భార్యే."

బీరమ్మ గుమ్మం దగ్గర తెడ్డు ఆనించుకుని నిలబడి ఉంది. మామూలుగా జనాన్ని దించి ఒడ్డునే కూర్చుంటుంది. ఈ రోజు లోపలిదాకా ఎందుకొచ్చిందో ఈరయ్య అడగలేదు.

చంద్రవ్వ ఫొటోకు దండం పెట్టింది. ఆ తుపాకుల వెనక నిలబడిన వాళ్లలో తన భర్త ఒకడు. ఈ గదిలో తాను ఏ పక్క మనిషో ఇంకా ఎవరికీ తెలియదు. చెప్పకుండా చూసి వెళ్లిపోవచ్చు కూడా.

అద్దాల బీరువా కిటికీ పక్కన ఉంది. పై అరలో ఇత్తడి బొత్తాములు, ఒక ఉంగరం, అద్దం పగిలిన గడియారం. కింది అరలో ఒంటరిగా కంచు గిన్నె.

చంద్రవ్వ దాన్ని పేరు చూసి గుర్తుపట్టలేదు. పదమూడేళ్ల తరువాత కూడా ఆ వంపు చూసి గుర్తుపట్టింది. పెళ్లికి తల్లిగారు పెట్టిన గిన్నె. ఆయన ఫౌజుకు పోయే రోజు అటుకులు, బెల్లం అందులో పోసి గుడ్డ కట్టి ఇచ్చింది. 'అక్కడ రేకు తలెల పెడతరంట, గండ్ల తినకు. గిండ్ల తిను' అని చెప్పింది. ఆయన నవ్వి, 'తిన్నప్పుడల్లా నీ పేరు కనబడ్తది గదా' అన్నాడు.

గిన్నె ముందు ఒక చీటీ ఉంది.

"ఏం రాసి ఉంది రుక్కా?"

రుక్కమ్మ వంగి తనలో చదువుకుంది.

"చదువు."

"వద్దు వదినె."

"నేను గింత దూరం ఎందుకొచ్చిన? చదువు."

రుక్కమ్మ మెల్లగా చదివింది. "'కంచు గిన్నె. శత్రు సైనికుని శవము వద్ద దొరికినది. అంచుపై ఆడమనిషి పేరు ఉన్నందున, ఏదో గ్రామములో దోచుకొన్నదిగా తెలియుచున్నది.'"

శవం అన్న మాట దగ్గర చంద్రవ్వ బీరువా అంచు పట్టుకుంది. ఆమె నెమ్మదించక ముందే ఈరయ్య అందుకున్నాడు.

"అవును తల్లీ. అందరూ తుపాకులు చూసి పోతారు గాని, నేను పిల్లలను నిలబెట్టేది ఈ గిన్నె దగ్గరే. చందవ్వ అని పేరు. ఏ ఊరి ఆడకూతురో. ఇంట్లో జొరబడి ఆమె అన్నం తినే గిన్నె లాక్కొచ్చారంటే ఆమెను ప్రాణాలతో వదిలి ఉంటారా? బడి పిల్లలు వచ్చినప్పుడల్లా ఆ చందవ్వ కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడమంటాను. అయిదేళ్ల నుంచి నిలబడుతున్నారు."

"ఎవరి కోసం సారూ?"

"ఈ చందవ్వ కోసం."

చంద్రవ్వ చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముసలాయన కళ్లలో అబద్ధం లేదు. నిజంగానే తన కోసం ఏడ్చిన మనిషి. తాండూరులో తన కోసం ఒక్కరు కూడా అంతసేపు మౌనంగా నిలబడలేదు.

"సారూ," అంది. "గా చంద్రవ్వ నేనే."

ఈరయ్య వినపడనట్టు చెవి ముందుకు పెట్టాడు.

"నన్నెవరు చంపలే. గిన్నె ఎవరు దోచుకోలే. మా ఇంటాయనకు నేనే ఇచ్చిన."

గుమ్మం దగ్గర తెడ్డు గోడకు తగిలి చప్పుడైంది. ఈరయ్య కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన గొంతులో ఇంతకు ముందున్న ఆప్యాయత లేదు.

"మీ ఇంటాయన ఈ చౌకీలో ఉండేవాడా?"

"ఉండె."

"సిపాయిగానా?"

"సిపాయే."

"నలుగురూ చూసి పోయే వస్తువు. చందవ్వ అన్న పేరు ఎంతమందికి ఉండదు? నాదే అని ఎవరైనా అనొచ్చు."

రుక్కమ్మకు కోపం వచ్చింది. "అబద్ధం చెప్పనీకి గింత దూరం వస్తమా సార్?" అంది.

చంద్రవ్వ ఆమె చేయి పట్టుకుని ఆపింది. "సార్ అడిగిందాంట్ల తప్పేమున్నది? సారూ, నాకు చదువు రాదు. నా పేరు చంద్రవ్వ. గిన్నె మీద చందవ్వ అని ఉన్నది, అంతే గదా? తాండూరుల కంచరాయన ఒక గీత మర్చిపోయిండు. మా ఆయన చదివి, 'సగం నువ్వే ఉన్నవ్' అని నవ్విండు. గిన్నె తిప్పి చూడున్రి. అడుగున చింతగింజంత మాటు ఉంటది. మా అత్త చేతుల నుంచి గచ్చు మీద పడితే చిల్లు పడ్డది, మాటు ఏపిచ్చిన. మాటు పక్కన వేలు పెడితే గరుకు తగుల్తది."

ఈరయ్య నడుముకు కట్టుకున్న తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. గిన్నె పైకెత్తి వెలుగులోకి తిప్పాడు. అడుగున మాటు ఉంది. బొటనవేలుతో తడిమాడు. మళ్లీ తడిమాడు. తరువాత గిన్నెను రెండు చేతులతో ఆమెకు అందించాడు.

చంద్రవ్వ దాన్ని అందుకుని నేల మీద కూర్చుండిపోయింది. లోపలి వైపు చేయి పెట్టి చుట్టూ రాసింది. ఎవరో శుభ్రంగా తోమి పెట్టారు. మెతుకు లేదు, మరక లేదు, ఆయన వేళ్ల జాడ లేదు. అంత తళతళలాడేలా ఎందుకు తోమారా అని ఆమెకు ఏడుపొచ్చింది. రుక్కమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరింది.

ఈరయ్య స్టూలు లాక్కుని తమ్ముడి ఫొటో కింద కూర్చున్నాడు.

"నువ్వు బతికి ఉన్నందుకు సంతోషమే తల్లీ. అబద్ధం చెప్పను, దానితో పాటు కోపమూ ఉంది. ఇన్నేళ్లు నీ కోసం నేను బాధపడ్డాను. నీ భర్త ఇక్కడ కూర్చుని నీ గిన్నెలో అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తుపాకీ పట్టుకున్నాడు. నా తమ్ముణ్ణి కాల్చింది అతను కాదని నువ్వు చెప్పగలవా?"

"చెప్పలేను సారూ."

కాదంటుందని ఆయన ఎదురుచూశాడు. ఏడుస్తుందనో, తిడుతుందనో అనుకున్నాడు. చంద్రవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేనిక్కడ లేను గదా. ఆయన కాల్చిండో, కాల్చలేదో నాకు తెల్వదు. కోడిని కొయ్యమంటే పక్కింటోళ్లను పిలిచెటోడు. గని ఫౌజుకు పోయినంక ఏమైండో నేనెట్ల చెప్తా? మీ తమ్ముని ముంగట నిలబడి అబద్ధం ఆడను. గని ఒక్కటి నాకు తెలుసు. ఆయన దొంగ కాదు. గా గిన్నె దోచింది కాదు. గా మాట తీసెయ్యున్రి సారూ. గిన్నె నాకియ్యకున్నా మంచిదే, ఇక్కడే ఉండనియ్యున్రి. దోచుకున్నడన్న మాట ఒక్కటి తీసెయ్యున్రి."

ఈరయ్య లేచాడు. చీటీ తీసి చదివాడు, తను రాసిన అక్షరాలే. మధ్యకు చించాడు. సొరుగులోంచి కొత్త అట్ట ముక్క, కలం తెచ్చి బల్ల మీద తూటాలను పక్కకు జరిపి కూర్చున్నాడు.

"ఏం రాయమంటావు?"

చంద్రవ్వ ఆలోచించింది. "చంద్రవ్వ ఇచ్చింది అని రాయున్రి. ఈసారి గీత మర్వకున్రి."

ఈరయ్య జాగ్రత్తగా రాశాడు. "'తాండూరు చంద్రవ్వ తన భర్తకు ఇచ్చిన కంచు గిన్నె.' భర్త పేరు?"

రుక్కమ్మ చెప్పబోయింది. పెళ్లయిన నాటి నుంచి చంద్రవ్వ ఆ పేరు పలకలేదు. ఏ ఇల్లాలూ పలకదు. కచేరీల్లో, దవాఖానాలో ఎక్కడ అడిగినా పక్కనున్న వాళ్లే చెప్పేవారు. ఫౌజు దఫ్తరుకు పోయినప్పుడూ జంగప్పే చెప్పాడు. చంద్రవ్వ చేయెత్తి ఆడబిడ్డను ఆపింది.

"నేను చెప్తా."

ఆ మాట అన్నది గాని, పేరు వెంటనే రాలేదు. పెదవులు కదిలాయి. లోలోపల వేలసార్లు అనుకున్న పేరే, బయటికి రావడానికి దారి తెలియనట్టు గొంతులో ఆగింది. ఈరయ్య తొందరపెట్టలేదు.

"మొగులప్ప," అంది చంద్రవ్వ.

తన గొంతులో ఆ పేరు ఎలా వినబడుతుందో ఆమెకు ఆ రోజే తెలిసింది. ఇంకోసారి అనాలనిపించింది. "మొగులప్ప. ఊరు తాండూరు. వయసు ఇరువై నాలుగు." ఆ వయసు అప్పటిది. ఆమె లెక్కలో ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. తనకే ముప్ఫై నాలుగు వచ్చాయి.

ఈరయ్య రాసి, బిగ్గరగా చదివాడు. "'తాండూరు చంద్రవ్వ తన భర్త మొగులప్పకు ఇచ్చిన కంచు గిన్నె. అతని శవము వద్ద...'"

"అది కూడా తీసెయ్ బావా."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. బీరమ్మ తెడ్డు వదిలేసి లోపలికి వచ్చింది.

"శవం అని రాయొద్దు. నేను నీకు సెప్పింది అబద్ధం."

"ఏది అబద్ధం?" అన్నాడు ఈరయ్య.

"నువ్వు సామాన్లు పోగుచేస్తా మా గుడిసెకు వచ్చి, ఈ గిన్నె సూసి యాడిదని అడిగితివి. నాకు భయమేసి, సచ్చిపోయిన సిపాయి కాడ దొరికిందంటి. ఆ మనిషి సావల్యా."

బీరమ్మ వచ్చి చంద్రవ్వ ఎదురుగా కూర్చుంది. ఒడ్డు నుంచి ఇక్కడిదాకా అణచుకున్నదంతా ఆమె మాటల్లో ఒక్కసారిగా వచ్చింది.

"సైన్యం వచ్చిన మూడో దినం, పొద్దున్నే మా పుచ్చతోటలో పడి ఉండాడక్కా. తొడలో తూటా. ఒళ్లు కాలిపోతాండాది. నా మొగుడు పోయి అప్పటికి నెల కాల్యా. రాయి తీసుకున్నా. కొట్టల్యాకపోయినా. గుడిసెలోకి ఈడ్చుకుపోయినా. రెండున్నర నెలలు ఉండాడు. ఈ గిన్నెలోనే సంగటి కలిపి పెడితి."

"బీరమ్మా," అన్నాడు ఈరయ్య. ఆయన చేతిలో కలం ఆగిపోయింది. "కిష్టయ్యను కాల్చిన వాళ్లలో వాడున్నాడేమో. అడగలేదా?"

"అడగల్యా బావా. అడిగుంటే సంగటి పెట్టల్యాకపోదును."

బీరమ్మ చంద్రవ్వ మోకాలి మీద చేయి వేసింది.

"పడుకున్నంత సేపూ నీ పేరే. చంద్ర ఇట్ల చేస్తాది, చంద్ర అట్ల వండుతాది. నీ మొగం సూడకనే నువ్వు నాకు తెలుసు. కుంటుకుంటా నడవగలిగినాక, పుట్టిలో ఒడ్డుకు దాటిచ్చి, మా ఆయన పంచె కట్టిచ్చి, నేనే స్టేషన్‌కు తీసుకుపోయి రైలెక్కిచ్చినా. తాండూరుకు టికెట్. ఈ గిన్నె నా చేతిలో పెట్టి, 'నీకియ్యనీకి నా దగ్గర ఇంకేం లేదు, ఇంటికి పోతున్న గదా, చంద్ర ఏమనదు' అనినాడు. పిల్లాపాపలతో సల్లగా ఉండారనే అనుకుంటి ఇన్నేండ్లు. ఈ పొద్దు నువ్వొచ్చి తాండూరు అన్నాక, నీ మొగం సూసి, నాకు సేతులాడల్యా."

"తాండూరు రైలే ఎక్కిండా?" అంది చంద్రవ్వ. "మంచిగ చూసినవా అక్కా? వాడిల మారాలె గదా. మారనీకి తెలుసు గదా ఆయనకు?"

"తెలుసు. నాకే సెప్పినాడు, యాడ మారాల, యాడ దిగాల అని."

"నెల?"

"మార్గశిరమే. ఇట్లాంటి సలి."

చంద్రవ్వ లెక్కవేసింది. బతికాడు. బయల్దేరాడు. ఇంటికే బయల్దేరాడు. అయితే వాడి జంక్షన్‌కూ తాండూరుకూ మధ్య ఏ స్టేషన్లో దిగాడు? దారిలో జ్వరం తిరగబెట్టిందా? ఫౌజు మనిషని ఎవరైనా పట్టుకున్నారా? ఆమె ఈ ప్రశ్నలన్నీ పైకే అంటోంది, రుక్కమ్మ వైపు తిరిగి, చదువుకున్న మనిషి కదా, ఏదో ఒకటి చెబుతుందని.

రుక్కమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"దార్ల ఏడ దిగలే వదినె."

"ఏమంటున్నవ్?"

"అన్న ఇంటికొచ్చిండు. మిట్ట మధ్యాహ్నం. తెల్ల పంచె కట్టుకొని, కుంటుకుంట వచ్చిండు. నేను చూసిన. అమ్మ చూసింది. జంగప్పన్న వాకిట్ల నిలబడి మాట్లాడిండు."

ఈరయ్య, బీరమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చంద్రవ్వ ఒళ్లోంచి గిన్నె తీసి మెల్లగా బండ మీద పెట్టింది.

"గప్పుడు నేనేడున్న రుక్కా?"

రుక్కమ్మ తల ఎత్తలేకపోయింది.

"ఇంట్లనే ఉన్నవ్ వదినె. లోపలి అర్రల. జరంతోని ఒళ్లు తెల్వకుంట పండుకొని ఉన్నవ్," అంది. "తలుపుకు బయట గొళ్లెం పెట్టింది నేనే."

(మిగతా వచ్చే వారం)